షుగర్ మీద పరిశోధనలు ఎక్కడ వెతకాలి? పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్, కాక్రేన్, ఎంబేస్‌ల పోలిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో షుగర్ మీద థీసిస్ రాసే పీజీలు, ప్రాజెక్టు చేసే నర్సింగ్ విద్యార్థులు, పీహెచ్‌సీ డాక్టర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పబ్‌మెడ్ మంచిదా, గూగుల్ స్కాలర్ మంచిదా?" ఈ రెండూ, కాక్రేన్, ఎంబేస్‌లూ వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఆన్‌లైన్ చోట్లు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక మందో, చికిత్సో పనిచేస్తుందా లేదా అన్నది మీ ప్రశ్న అయితే ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసే రివ్యూలుండే కాక్రేన్‌తో మొదలుపెట్టి పబ్‌మెడ్‌కి రండి. మన ఊళ్ళలో షుగర్ ఎంతమందికి ఉంది, వాళ్ళ పరిస్థితి ఎలా ఉంది అన్నది ప్రశ్న అయితే పబ్‌మెడ్, స్కాలర్ రెండూ కావాలి, ఏ ఒక్కటీ చాలదు. సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి బేరీజు వేసేది) రాస్తుంటే ఎంబేస్ కూడా చూడాలి, దొరక్కపోతే ఆ మాట రివ్యూలో స్పష్టంగా రాయాలి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చే రిఫరెన్సులను మాత్రం నేరుగా థీసిస్‌లో పెట్టొద్దు.

ఇలా ఎందుకు అంటున్నానో ఒక్కొక్కటిగా చెప్తాను. అన్నిటికంటే ఎక్కువ చోటు ఊళ్ళ పేర్లకే ఇస్తున్నాను, ఎందుకంటే ఉత్తరాంధ్ర మీద పేపర్లు వెతికేవాళ్ళకి అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

ముందు ప్రశ్న

"షుగర్, కిడ్నీ" అని టైప్ చేస్తే వేలకు వేలు వచ్చి పడతాయి. అది ఇంకా ప్రశ్న కాదు. "టెక్కలి చుట్టుపక్కల పల్లెల్లో టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్ళు మందులు క్రమంగా వేసుకుంటున్నారా?" అన్నది ప్రశ్న. ఎవరు, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం అని నాలుగు ముక్కలు చేసుకోమని మెథడాలజీ క్లాసుల్లో చెప్తారు, దాన్నే పికో అంటారు. అది ఆలోచించుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ ఆ నాలుగు ముక్కల్నీ సెర్చ్ బాక్సులో పెట్టడం చాలామంది చేసే పని, దానివల్లే మంచి పేపర్లు జారిపోతాయి. చాలా పేపర్లలో ఫలితాల పేర్లు అన్నీ అబ్‌స్ట్రాక్ట్‌లో (పేపరు మొదట్లో ఉండే సారాంశంలో) ఉండవు, లోపల టేబుల్లో ఉంటాయి. పోలిక చేసిన మందు పేరు కూడా అంతే. కాబట్టి సెర్చ్‌లో రెండు, మహా అయితే మూడు ముక్కలు పెట్టండి: జబ్బు, మీ అసలు విషయం, అవసరమైతే ఊరు. మిగతావి అబ్‌స్ట్రాక్టులు చదివేటప్పుడు మీరే వడపోసుకోవచ్చు.

ఇంకో పని కూడా ముందే చేసుకోండి. ఈ విషయం మీద కచ్చితంగా దొరకాల్సిన నాలుగైదు పేపర్లు మీ గైడునో, సీనియర్లనో అడిగి రాసుకోండి. మన దేశంలో షుగర్ ఎంత ఉందన్న ప్రశ్నకి 2023లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీలో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అలాంటిది. లక్షా 13 వేల మందిని చూసి, పెద్దవాళ్ళలో 11.4 శాతానికి షుగర్, 15.3 శాతానికి ప్రీడయాబెటిస్ ఉన్నాయని తేల్చింది. షుగర్ రాకుండా ఆపడం మీద అయితే 2006లో డయాబెటాలజియాలో వచ్చిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఉంది. మీ సెర్చ్‌లో ఇలాంటివి రాకపోతే లోపం సెర్చ్‌లోనే ఉంది, అక్కడే సరిచేసుకోవాలి.

పబ్‌మెడ్: ఎక్కువమందికి ఇదే మొదటి మెట్టు

అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతున్న పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితం. ఇప్పుడు అందులో 3 కోట్ల 70 లక్షలకు పైగా రికార్డులున్నాయి. దాని బలం మెష్ అనే లేబుళ్ళు. రచయిత "టైప్ 2" అని రాసినా, "అడల్ట్ ఆన్‌సెట్" అని రాసినా, పేపరుకి ఒకే లేబుల్ పడుతుంది: డయాబెటిస్ మెలిటస్, టైప్ 2. పాత పేపర్లు కావాల్సినవాళ్ళకి ఇది చాలా ఉపయోగం. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల కమిటీ చెప్పేదాకా "నాన్ ఇన్సులిన్ డిపెండెంట్" అన్న పేరే వాడుకలో ఉండేది. ఆ కాలం పేపర్లని "టైప్ 2" అన్న మాటతో మాత్రమే వెతికితే చాలావరకు దొరకవు, లేబుల్‌తో దొరుకుతాయి.

మెష్ లేబుళ్ళు చెట్టు కొమ్మల్లా ఉంటాయి. పైనున్న డయాబెటిస్ మెలిటస్ లేబుల్ తీసుకుంటే కింద ఉన్న టైప్ 1, టైప్ 2, గర్భిణుల్లో వచ్చే షుగర్, కాంప్లికేషన్లు అన్నీ వస్తాయి. టైప్ 2 లేబుల్ ఒక్కటే తీసుకుంటే షుగర్ పుండ్ల మీద పేపర్లు కొన్ని రాకపోవచ్చు, ఎందుకంటే డయాబెటిక్ ఫుట్ వేరే కొమ్మ.

మనవాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. పబ్‌మెడ్‌లో ఉన్న ప్రతి పేపరుకీ ఈ లేబుల్ ఉండదు. పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లో చేరిన జర్నళ్ళకే పడుతుంది. పూర్తి పేపర్లు ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్ దారిలో వచ్చే జర్నళ్ళు చాలా ఉన్నాయి, క్యూరియస్, జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అండ్ ప్రైమరీ కేర్ లాంటివి. మన కాలేజీల నుంచి పేపర్లు ఎక్కువగా వెళ్ళేది ఇలాంటి వాటికే. వాటికి లేబుల్ లేదు కాబట్టి, మెష్‌తో మాత్రమే వెతికితే భారతీయ పరిశోధనలో పెద్ద భాగం కనపడకుండా పోతుంది. అందుకే ప్రతి ముక్కకీ రెండూ కలపాలి: మెష్ లేబుల్, దానికి "ఆర్" (ఏదో ఒకటి ఉన్నా చాలు అని అర్థం) పెట్టి టైటిల్లోనూ అబ్‌స్ట్రాక్ట్‌లోనూ కనిపించే మామూలు మాటలు. డయాబెట్ అన్న ముక్క తర్వాత నక్షత్రం గుర్తు పెడితే డయాబెటిస్, డయాబెటిక్, డయాబెటిక్స్ అన్నీ వస్తాయి. టీ2డీఎం, టీ2డీ, ఎన్ఐడీడీఎం అన్న పొట్టి పేర్లు విడిగా చేర్చాలి. గ్లైసీమిక్, హైపర్‌గ్లైసీమియా లాంటి మాటలకి బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఇవ్వండి, మన జర్నళ్ళలో రెండూ కలగాపులగంగా ఉంటాయి.

కోట్ గుర్తుల సంగతి చాలామందికి తెలీదు. గుర్తులు లేకుండా టైప్ 2 డయాబెటిస్ అని కొడితే పబ్‌మెడ్ తనంతట తానే మెష్ లేబుల్‌ని వెతికి కలుపుతుంది. అదే మాటని కోట్ గుర్తుల్లో పెడితే ఆ సాయం ఆగిపోతుంది, నక్షత్రం పెట్టినా అంతే. అడ్వాన్స్‌డ్ పేజీలో సెర్చ్ డీటైల్స్ తెరిస్తే పబ్‌మెడ్ మీ మాటని ఎలా అర్థం చేసుకుందో మొత్తం కనపడుతుంది. సెర్చ్ చేసిన ప్రతిసారీ అది చదివే అలవాటు చేసుకోండి. ఆండ్ (రెండూ ఉండాలి), ఆర్, నాట్ (ఇది వద్దు) ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి లెక్క వేసుకుంటూ పోతుంది కాబట్టి ఆర్‌తో కలిపిన మాటల్ని బ్రాకెట్లలో పెట్టకపోతే అర్థమే మారిపోతుంది. నాట్‌ని వీలైనంత తక్కువ వాడండి. "టైప్ 1 వద్దు" అని నాట్ పెడితే, రెండు రకాలనీ కలిపి చూసిన మంచి అధ్యయనాలు కూడా పోతాయి.

ఓపీలో రోగి ఎదురుగా ఉండగా త్వరగా జవాబు కావాల్సిన డాక్టరుకి ఇంత అక్కర్లేదు. పబ్‌మెడ్‌లోనే క్లినికల్ క్వెరీస్ అని ఒక పేజీ ఉంది. అక్కడ చికిత్స, డయాగ్నసిస్ లాంటి రకం ఎంచుకుంటే ఫిల్టర్ అదే పడుతుంది. అంతకన్నా ముందు గైడ్‌లైన్లు చూడాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాలు ఏటా జనవరిలో ఉచితంగా వస్తాయి, ఐసీఎంఆర్ 2018లో టైప్ 2 మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి మెట్‌ఫార్మిన్ ఎంతవరకు ఇవ్వొచ్చు అన్న ప్రశ్నకి జవాబు పేపర్లు తవ్వకుండానే వాటిలో దొరుకుతుంది.

ఊరి పేరు పెట్టి వెతికేటప్పుడు

శ్రీకాకుళాన్ని ఇంగ్లిష్‌లో ఎస్-ఆర్-ఐ అని మొదలుపెట్టేవాళ్ళున్నారు, ఎస్-ఆర్-ఇ-ఇ అని రాసేవాళ్ళున్నారు. విజయనగరానికి అధికారిక స్పెల్లింగులో జడ్ ఉంటుంది, కొందరు రచయితలు జె వేస్తారు. అన్ని రూపాలనీ ఆర్‌తో కలపాలి. కానీ జె వేసినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. చివరి అక్షరాలు తీసేసి నక్షత్రం పెడితే కర్ణాటక విజయనగర వచ్చి కూర్చుంటుంది. బళ్ళారి మెడికల్ కాలేజీ పాత పేరులో విజయనగర ఉంది, 2021లో ఆ పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. స్కాలర్‌లో అయితే హంపీ చరిత్ర పుస్తకాలు కూడా వస్తాయి. అందుకని జె రూపానికి ఆంధ్రప్రదేశ్ అని ఆండ్‌తో జత చేయండి.

కాలేజీ పొట్టి పేర్లతో వెతకడం ఇంకా ప్రమాదం. రిమ్స్ అంటే శ్రీకాకుళం ఒక్కటే కాదు. ఒంగోలు, కడప, ఆదిలాబాద్, రాంచీ, ఇంఫాల్‌లలో కూడా రిమ్స్‌లున్నాయి. మిమ్స్ అంటే మనకి నెల్లిమర్ల, కర్ణాటకవాళ్ళకి మండ్య. అఫిలియేషన్ ఫీల్డులో (రచయితల సంస్థ, చిరునామా ఉండే చోట) వెతికేటప్పుడు కాలేజీ పేరుతో పాటు ఊరి పేరు కూడా ఇవ్వండి. 2014కి ముందు రికార్డుల్లో పబ్‌మెడ్ మొదటి రచయిత చిరునామా మాత్రమే పెట్టేది. మన డాక్టరు రెండో పేరో మూడో పేరో అయితే ఆ పేపరు ఇలా వెతికితే రాదు.

జిల్లాల హద్దులు కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. అంతకు ముందు సీతంపేట మీద రాసిన పేపరు శ్రీకాకుళం అంటుంది, సాలూరు మీద రాసింది విజయనగరం అంటుంది. రాజాం అప్పట్లో శ్రీకాకుళంలో ఉండేది, ఇప్పుడు విజయనగరంలో ఉంది. గిరిజనుల్లో షుగర్ మీద పనిచేసేవాళ్ళు జిల్లా పేరుని నమ్ముకోకుండా మండలం పేరు, తెగ పేరు పెట్టి వెతకాలి. సవర అన్న పేరుని సవోరా, సోరా అని కూడా రాస్తారు. రాష్ట్రం పేరుతో వెతికినా జాగ్రత్త తప్పదు. 2014 జూన్ 2కి ముందు ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసే ఉంది. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అన్న పేరు చూసి మనదే అనుకుంటాం, ఆ పల్లెలు హైదరాబాద్ పక్కన ఉన్నాయి.

ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు, శ్రీకాకుళం అని కలిపి వెతికితే వచ్చేవాటిలో చాలా పేపర్లు ఉద్దానం కిడ్నీ జబ్బు మీదవే ఉంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో తెలిసిన కారణం లేకుండా వచ్చే ఆ జబ్బుకి షుగర్ కారణం కాదని చెప్పడానికే ఆ పేపర్లు "డయాబెటిస్" అన్న మాట వాడతాయి. సెర్చ్ ఇంజన్‌కి "షుగర్ వల్ల కాదు" అన్నా "షుగర్ వల్ల" అన్నా ఒకటే. అలాగని కారణం తెలియని కిడ్నీ జబ్బు వద్దు అని నాట్ పెట్టొద్దు. ఉద్దానంలో రెండు రకాల రోగులనీ కలిపి లెక్కించిన సర్వేలు ఉంటాయి, షుగర్ లెక్క తీసుకోవాల్సింది వాటిలోంచే. ఇక్కడ మనిషి కూర్చుని ఒక్కో అబ్‌స్ట్రాక్ట్ చదవడం తప్ప వేరే దారి లేదు. ఈ పని హడావిడిగా చేస్తే ఉద్దానం బాధితుల్ని షుగర్ రోగుల ఖాతాలో రాసేస్తాం. వాళ్ళకి ఇప్పటికే జరిగిన నష్టం చాలు.

ఇంకో సంగతి. జిల్లా పేరుతో వెతికితే దొరకని జిల్లా లెక్కలు కూడా ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21, జిల్లాల వారీ పత్రాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండింటికీ రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నవాళ్ళ శాతం ఇచ్చింది. అది పబ్‌మెడ్ సెర్చ్‌లో రాదు, సర్వే వెబ్‌సైట్‌లో నేరుగా తీసుకోవాలి. ఆ సర్వే వేలి చుక్కతో చేసిన ర్యాండమ్ పరీక్ష, ఇండియాబ్‌ది గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్ష. రెండు శాతాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

గూగుల్ స్కాలర్ ఎక్కడ గెలుస్తుంది

స్కాలర్‌ని తక్కువ చేసి మాట్లాడే ప్రొఫెసర్లు ఉన్నారు. స్థానిక ప్రశ్నల విషయంలో నేను వాళ్ళతో ఏకీభవించను. పబ్‌మెడ్ వెతికేది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, చిరునామా, లేబుళ్ళలో. స్కాలర్ పేపరు లోపలి పాఠంలో కూడా వెతుకుతుంది. "రణస్థలం మండలంలోని ఆరు పల్లెలు" అన్న మాట సాధారణంగా మెథడ్స్‌లో ఉంటుంది, అబ్‌స్ట్రాక్ట్‌లో "తీర ఆంధ్రలో ఒక గ్రామీణ ప్రాంతం" అని రాసి వదిలేస్తారు. అలాంటి పేపర్లు స్కాలర్‌లోనే పట్టుబడతాయి. పబ్‌మెడ్‌లో లేని భారతీయ జర్నళ్ళు, యూనివర్సిటీ థీసిస్‌లు కూడా అక్కడ వస్తాయి. ఒక మంచి పేపరు దొరికితే సైటెడ్ బై నొక్కి, దాని తర్వాత ఎవరెవరు ఏం చేశారో చూడొచ్చు. ఈ సదుపాయం కోసమైనా స్కాలర్ తెరవాలి.

దాని లోపాలు కూడా చిన్నవి కావు. ఎన్ని లక్షల ఫలితాలు చూపించినా మొదటి వెయ్యి వరకే చూడనిస్తుంది. సెర్చ్ బాక్సులో 256 అక్షరాలకి మించి పట్టవు, అంటే పబ్‌మెడ్‌లో కట్టిన పెద్ద సెర్చ్‌ని ఇక్కడ అతికించలేరు. నక్షత్రం గుర్తు పనిచేయదు. ఈరోజు వచ్చిన వరుస వచ్చే నెల ఉండదు, కాబట్టి మీ సెర్చ్‌ని ఇంకొకరు మళ్ళీ అదే విధంగా చేసి చూపించలేరు. డబ్బులు తీసుకుని నిపుణుల పరిశీలన లేకుండా అచ్చేసే జర్నళ్ళు కూడా మంచివాటి పక్కనే కనిపిస్తాయి. జర్నల్ ఎవరిది, ఎడిటర్లు ఎవరు అని చూడకుండా అక్కడి శాతాల్ని మీ ఇంట్రడక్షన్‌లోకి ఎక్కించకండి.

చోడి అంబలి తాగితే షుగర్ తగ్గుతుందా అన్న ప్రశ్న మన వైపు ఎప్పుడూ ఉండేదే. చోడి అని వెతికితే ఏమీ రాదు, రాగి అంటే కొన్ని వస్తాయి. ఫింగర్ మిల్లెట్ అన్న పేరు, ఎల్యుసీన్ కొరకానా అన్న శాస్త్రీయ నామం కలిపితేనే సరైన సెర్చ్ అవుతుంది. మెంతులకి ట్రైగోనెల్లా, పొడపత్రికి జిమ్నీమా, కాకరకి మోమోర్డికా అని ఇలాగే ఇవ్వాలి.

కాక్రేన్, ఎంబేస్

కాకరకాయ సంగతే తీసుకుందాం. పబ్‌మెడ్‌లో ఎలుకల మీద చేసిన పేపర్లు గుట్టలుగా వస్తాయి, చదివితే అద్భుతం అనిపిస్తుంది. కాక్రేన్‌లో 2012 నాటి రివ్యూ ఒక్కటి తెరిస్తే, మనుషుల మీద చేసిన ట్రయల్స్ అన్నీ చూశాక కూడా టైప్ 2 షుగర్‌కి కాకర పనిచేస్తుందని చెప్పడానికి తగినంత ఆధారం లేదని తేలుతుంది. చికిత్స ప్రశ్నలకి కాక్రేన్ ముందు అని నేను చెప్పేది ఇందుకే. ఎంతమందికి ఉంది, ఎందుకు మానేస్తున్నారు లాంటి ప్రశ్నలకి మాత్రం అక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

కాక్రేన్ లైబ్రరీలో సెంట్రల్ అని ట్రయల్స్ జాబితా ఒకటి ఉంది, పబ్‌మెడ్ సెంట్రల్ వేరు. అందులోకి పబ్‌మెడ్ నుంచే కాదు, ఎంబేస్ నుంచి, ట్రయల్ రిజిస్ట్రీల నుంచి కూడా రికార్డులు వస్తాయి. ఎంబేస్ డబ్బు కట్టి తీసుకునే డేటాబేస్, మన జిల్లాల్లో విద్యార్థికి అది అందడం కష్టం. మీకు కావాల్సింది ర్యాండమైజ్డ్ ట్రయల్స్ మాత్రమే అయితే సెంట్రల్‌లో వెతకడం ద్వారా ఎంబేస్‌లో ఉన్న ట్రయల్స్ చాలావరకు ఉచితంగా దొరుకుతాయి.

మందుల దుష్ప్రభావాలు, యూరప్ జర్నళ్ళు, కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టులు కావాలంటే ఎంబేస్‌కి సాటి లేదు. దానికి సొంత లేబుళ్ళు ఉన్నాయి, ఎమ్‌ట్రీ అంటారు. టైప్ 2 షుగర్‌కి అక్కడ ఇప్పటికీ నాన్ ఇన్సులిన్ డిపెండెంట్ అన్న పాత పేరే లేబుల్. పబ్‌మెడ్ సెర్చ్‌ని యథాతథంగా అతికిస్తే పనిచేయదు, లేబుళ్ళు మార్చి మళ్ళీ కట్టాలి. సిస్టమాటిక్ రివ్యూకి ఏ డేటాబేస్‌లు చాలు అని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ లైబ్రేరియన్లు లెక్క కట్టి 2017లో ప్రచురించారు. ఎంబేస్, మెడ్‌లైన్, వెబ్ ఆఫ్ సైన్స్, గూగుల్ స్కాలర్ నాలుగూ కలిస్తే చేర్చాల్సిన పేపర్లలో 98.3 శాతం దొరికాయి. పబ్‌మెడ్ ఒక్కటే చూసి రివ్యూ అని పేరు పెట్టడం సరికాదని నేను అనేది ఈ లెక్క చూసే. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఎంబేస్ ఉన్న సంస్థలో ఒకరిని సహరచయితగా చేర్చుకోవడం మంచి మార్గం.

మన దేశంలో జరుగుతున్న ట్రయల్స్ కోసం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా చూడండి. 2007లో మొదలైంది. ఫలితాలు అచ్చుకాని ట్రయల్స్ అక్కడే కనపడతాయి.

చాట్‌బాట్, ఫుల్ టెక్స్ట్

చాట్‌బాట్ లేని పేపరుని ఉన్నట్టు, రచయితలు, జర్నల్, సంవత్సరంతో సహా రాసి ఇవ్వగలదు. దాన్ని పర్యాయపదాలు అడగడానికి వాడండి, రిఫరెన్స్ ఇస్తే టైటిల్‌ని పబ్‌మెడ్‌లో వేసి చూడండి. దొరకనిది వాడకండి.

పేపరు కనపడటం వేరు, చదవగలగడం వేరు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల జర్నళ్ళు ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతున్నాయి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ అందులో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఉన్నవాళ్ళు లైబ్రరీలో అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీలు మొదటి దశలో లేవు. అక్కడివాళ్ళు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచిత కాపీ, ఉచిత కాపీలు వెతికిపెట్టే అన్‌పేవాల్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ప్రయత్నించి, అప్పటికీ దొరక్కపోతే రచయితకి మర్యాదగా ఒక మెయిల్ రాయండి. చాలామంది పంపిస్తారు.

చేతిలో ఒక సాయంత్రమే ఉంటే గైడ్‌లైన్, కాక్రేన్, పబ్‌మెడ్ క్లినికల్ క్వెరీస్, ఇంతే చాలు. థీసిస్ అయితే పబ్‌మెడ్‌లో మెష్, మామూలు మాటలు కలిపి ఒక సెర్చ్, స్కాలర్‌లో మండలాల పేర్లతో కొన్ని చిన్న సెర్చ్‌లు, సర్వే పత్రాలు. వాటన్నిటినీ రిఫరెన్సులు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ జొటేరోలో వేసి డూప్లికేట్లు తీసేయండి. సిస్టమాటిక్ రివ్యూ అయితే మొదలుపెట్టే ముందే ఒక లైబ్రేరియన్‌తో కూర్చుని సెర్చ్ చూపించండి, ఎంబేస్ ఏర్పాటు చేసుకోండి. ఏది చేసినా డేటాబేస్ పేరు, సెర్చ్ మొత్తం పాఠం, తేదీ, వచ్చిన ఫలితాల సంఖ్య అప్పటికప్పుడు ఒక ఫైల్లో కాపీ చేసుకోండి. పబ్‌మెడ్‌లో ఉచిత అకౌంట్ తెరిచి ఆ సెర్చ్‌కి అలర్ట్ పెట్టుకుంటే, థీసిస్ సమర్పించేలోపు వచ్చే కొత్త పేపర్లు మెయిల్‌కే వస్తాయి.